కుతర్కంగా అనే మాటకు సొంతవాక్యం

నేను గోపాలపట్నంలో ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్ళు తెలుగు చెప్పాను. తొమ్మిది, పది తరగతులకి. ఇంగ్లీషు మీడియం పిల్లలు కదా, తెలుగంటే మార్కుల కోసం చదివే సబ్జెక్టు. అందులో వాళ్ళు బాగా భయపడేది సొంతవాక్యాలకి. గైడులో ఉన్నవి రాస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. "మీ ఇంట్లో జరిగింది రాయండి, వీధిలో చూసింది రాయండి. మాట మీకు తెలిసిందో లేదో నాకు అక్కడే తెలుస్తుంది" అనేదాన్ని.

ఆ ఏడాది వానాకాలంలో తొమ్మిదో తరగతికి చెబుతున్న పాఠంలో 'కుతర్కంగా' అనే మాట వచ్చింది. పైకి సరైన ఆలోచనలాగే కనిపిస్తుంది, లోపల ఎక్కడో మెలిక ఉంటుంది, వినేవాణ్ణి తెలివిగా దారి తప్పిస్తుంది, అలా మాట్లాడటం అని అర్థం చెప్పాను. అందరూ రాసుకున్నారు. మర్నాడు వాక్యాలు తెచ్చారు. 'మా తమ్ముడు కుతర్కంగా అన్నం తిన్నాడు.' 'నిన్న వర్షం కుతర్కంగా కురిసింది.' 'బస్సు డ్రైవరు కుతర్కంగా బ్రేకు వేశాడు.' పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, అవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను.

మంచం మీద వెల్లకిలా పడుకుని విన్నారు. "ఆ బస్సు డ్రైవరు వాక్యం తప్పు కాదు" అన్నారు.

"అదెలాగండీ?"

"సడన్ బ్రేకు వేసి, దిగొచ్చి, 'వెనక బండివాడు గుద్దకూడదని నేర్పడానికే వేశానండి' అని ఉంటాడు. ఆ కుర్రాడికి మార్కు వెయ్యి."

నవ్వుకుంటూ వేశాను.

వాదించడం ఆయనకి ఆట. ఆయన తండ్రి గోదావరి వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి విశాఖలో ఉండిపోయిన మనిషి. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, అదే కర్మాగారంలో చేరారు. మాటలో ఆ వైపు వెటకారం మాత్రం పోలేదు. మాది ఆనందపురం దగ్గర కూరగాయలు పండించే ఇల్లు. మా ఇంట్లో మాటలు అవసరానికే. నీళ్ళు కట్టారా, బండి వచ్చిందా, అన్నం తిన్నారా. ఒక విషయాన్ని పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి గంటసేపు సరదాకి మాట్లాడుకోవడం నేను పెళ్ళయ్యాకే చూశాను.

ఒకసారి కార్తీక సోమవారం నాడు ఎండురొయ్యలు తెచ్చారు.

"ఏటండీ ఇది? సోమవారం నాడు నీసు తెచ్చారేటి?" అన్నాను. బడిలో ఎంత పుస్తకాల భాష మాట్లాడినా, ఇంట్లో కోపం వస్తే నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చేది.

"నీసు ఎందుకవుతుందే? నీసంటే తడి ఉండాలి. ఇది ఎండలో ఎండి ఎండి కట్టెపుల్ల అయిపోయింది. కట్టెపుల్లకి సోమవారమేంటి, మంగళవారమేంటి?"

"వాసన వత్తంది కదా."

"అది సముద్రం వాసన. బీచ్‌కి వెళ్తే ఉపవాసం చెడిపోద్దా?"

పొట్లం డబ్బాలో పెట్టి మూత బిగించాను. మంగళవారం వండాను. ఆయన వాదనలకి నేను లొంగింది తక్కువ, నవ్వింది ఎక్కువ. మా అమ్మ మాత్రం పూర్తిగా లొంగిపోయేది. "అల్లుడుగోరు సెప్తంటే నిజవే అనిపిత్తదే. బస్సెక్కి ఇంటికెల్లి పడుకున్నాక గానీ తెల్దు, అబద్దవని" అనేది.

మాకు పిల్లలు లేరు. దానికి కూడా ఆయన ఒకసారి వాదన కట్టారు. "నీకు బడిలో రెండొందల మంది ఉన్నారు. ఇంకొకరు కావాలనుకుంటే అది అత్యాశే కదా" అన్నారు. నేను నవ్వలేదు. ఆయన నా మొహం చూసి లేచి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమారు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

సిగరెట్ల మీద మా ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళ పోరు. రోజుకి నాలుగో ఐదో కాల్చేవారు. "ఈ ఊరి గాలికి ఫిల్టరుందా? లేదు. సిగరెట్టుకి ఉంది. అంటే రోజు మొత్తంలో నేను వడకట్టిన గాలి పీల్చేది ఆ ఇరవై నిమిషాలే" అనేవారు. ఈ వాదన నేను మర్నాడు తరగతిలో చెప్పాను. పిల్లలు విరగబడి నవ్వారు. మెలిక ఎక్కడుందో చెప్పమన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "పొగ కూడా గాలేనన్నట్టు చెప్పారు టీచర్" అంది. ఆ మాటకి అర్థం ఆ రోజు తరగతికి తెలిసింది. అప్పట్నుంచి "సార్ ఇంకేం లాజిక్ చెప్పారు టీచర్?" అని అడిగేవాళ్ళు. నేను ఇంట్లోంచి బడికి ఆయన మాటలు మోసుకెళ్ళేదాన్ని.

ఆ సెప్టెంబరులో, వినాయక చవితి నవరాత్రులు అయ్యాక, ఆయన గొంతు బొంగురుపోయింది. మా వీధి మండపంలో మైకు పట్టుకుని తొమ్మిది రోజులూ అరిచారు కాబట్టి అనుకున్నాం. దసరాకీ తగ్గలేదు. "దుమ్ము. కిటికీ ఊచ మీద వేలు పెట్టి చూడు, నల్లగా వస్తది. ఊరంతటికీ ఉన్నదే నాకూ ఉంది" అన్నారు. కార్తీకమాసంలో మంచు అన్నారు. ఒకరోజు అన్నం పెడుతూ, ఓసారి చూపించుకోండి అన్నాను.

"నొప్పి ఉందా నాకు?"

"నాకేటి తెలుసు, మీకే తెలియాల."

"లేదు. నొప్పి లేని చోట జబ్బు ఉండదు. జబ్బు తను వచ్చానని చెప్పడానికే కదా నొప్పిని పంపేది? కబురు రాకుండా చుట్టం వస్తాడా?"

"సుట్టాలు కబురు నేకుండానే వత్తారు మాయింటికి" అన్నాను. ఆయన నవ్వబోయారు. నవ్వు గాలిలా వచ్చింది, శబ్దం లేదు. ఇద్దరం అది గమనించాం.

డిసెంబరులో ఒక బుధవారం. ఆ రోజు ఆయనకి వీక్లీ ఆఫ్. నేను ఏడున్నరకి బడికి బయలుదేరాలి. ఆ శనివారమే మా బడి వార్షికోత్సవం, పిల్లల నాటకం నా బాధ్యత. దుస్తుల సంచీలు రెండు గుమ్మం దగ్గర పెట్టుకుని ఉప్మా కలుపుతున్నాను. ఆయన అప్పటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఆఫ్ రోజు పదింటికి గానీ లేవని మనిషి. బల్ల మీద కంపెనీ వాళ్ళిచ్చిన మెడికల్ పుస్తకం ఉంది. బీరువాలో ఉండే పుస్తకం అది.

"ఓసారి గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దామేంటి? నువ్వు కూడా రా" అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఆసుపత్రికి తోడు రమ్మనడం అదే మొదటిసారి. అది నాకు తట్టలేదు. నాకు తట్టింది నాటకం. రాజు వేషం వేసే అబ్బాయికి డైలాగులు ఇంకా రాలేదు, ప్రిన్సిపాల్ సెలవు ఇవ్వరు. 'ఇవాళ కుదరదండీ' అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. మీరు వెళ్ళిరండి అన్నా సరిపోయేది. కానీ ఆ క్షణంలో నాకు ఒక సరదా పుట్టింది. గరిటె పట్టుకునే ఆయన వైపు తిరిగాను.

"నొప్పి ఉందా మీకు?"

ఆయన నా వైపు చూశారు. "లేదు."

"నొప్పి నేని కాడ జబ్బు నేదని ఎవులు సెప్పారు?"

"నేనే."

"పొద్దున్న గొంతు కొంచెం బాగుంటందా, నేదా?"

"కొంచెం బాగుంటది."

"జబ్బయితే పొద్దున్న సెలవు తీసుకుని సాయంత్రం డ్యూటీకి వత్తాదేటి? ఇంకోటి. డాక్టరు దగ్గరికి ఎల్తే ఆయన ఏదో ఒకటి ఉందనే అంటాడు. ఏటీ నేదంటే ఆయనకి పనేటి? మరి ఏ జబ్బూ నేనోడు జబ్బుందని సెప్పించుకోడానికి పనిగట్టుకుని ఎల్లడం తెలివైన పనా?"

ఆయన చేతులు రెండూ పైకెత్తి దండం పెట్టారు. "ఓడిపోయాను టీచరమ్మా. నా కత్తితో నన్నే పొడిచేశావు" అన్నారు. చొక్కా విప్పి హ్యాంగరుకి తగిలించి, లుంగీ కట్టుకుని ఉప్మా తినడానికి కూర్చున్నారు. మెడికల్ పుస్తకాన్ని నేనే బీరువాలో పెట్టాను, బల్ల తుడుస్తూ.

బడికి వెళ్ళే దారంతా ఒకటే సంతోషం. మొదటి పీరియడ్ తొమ్మిదో తరగతి. పునశ్చరణ చేయిస్తున్న రోజులు. బోర్డు మీద రాశాను: 'మా ఆయనతో కుతర్కంగా వాదించి ఈ రోజు నేను గెలిచాను.' పిల్లలు చప్పట్లు కొట్టారు. "సార్ ఓడిపోయారా టీచర్!" అన్నారు. నలభై మందీ ఆ వాక్యాన్ని నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

ఫిబ్రవరిలో ఆయనకి మింగడం కష్టమైంది. చెవిలో పోటు మొదలైంది. మా ఇల్లు రెండో అంతస్తులో. మెట్లెక్కి వచ్చేసరికి ఊపిరి ఈల వేసినట్టు వినిపించేది. ఈసారి ఎవరం వాదించుకోలేదు. వెళ్ళాం. ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి చూశారు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "ఈ గొంతు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగారు.

"సెప్టెంబరు నుంచండీ" అన్నాను.

"మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే చూపించుకోవాలమ్మా."

ముక్క తీసి పరీక్షకి పంపారు. కాగితం వచ్చిన రోజు, ఆయన్ని బయట కూర్చోబెట్టి నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. "డిసెంబరులో తీసుకొచ్చి ఉంటే తేడా ఉండేదా డాక్టరుగారూ?" అని అడిగాను. ఆయన కాగితాలు సర్దుతూ, "ఇప్పుడు అలా ఆలోచించకండమ్మా. చేయాల్సింది చూద్దాం" అన్నారు. అదే జవాబని నాకు అర్థమైంది.

మార్చిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు, ఊపిరి ఇక అక్కడి నుంచే. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఆయన గుసగుసగా చాలా మాట్లాడారు. ఏం మాట్లాడారో చెప్పుకోడానికి గొప్ప మాటలేమీ లేవు. గ్యాస్ బుక్ చెయ్యమన్నారు. పక్కింటాయన తీసుకెళ్ళిన మా నిచ్చెన తిరిగి ఇవ్వలేదు, అడిగి తీసుకోమన్నారు. నేను ఆ గొంతు ఫోనులో రికార్డు చేసుకోవాలనుకుని, చేస్తే ఆయనకి భయం వేస్తుందని ఊరుకున్నాను.

తర్వాత రేడియేషన్, అందరూ కరెంటు పెట్టడం అనేది, మొదలైంది. రోజూ తీసుకెళ్ళాలి. ఏప్రిల్‌లో సంవత్సరాంత పరీక్షలు. నేను సెలవు మీద ఉన్నా పేపర్లు దిద్దడం తప్పలేదు, కట్టలు కట్టి ఆసుపత్రికి తెచ్చుకున్నాను. ఆయన్ని లోపలికి పంపి, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దిద్దుతున్నాను. ప్రశ్నపత్రం నేనే జనవరిలో తయారుచేసి ఇచ్చాను. ఆరో ప్రశ్న, కింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి. అందులో మూడోది ఆ మాట.

మొదటి పేపరులో ఉంది: 'మా తెలుగు టీచరు సార్‌తో కుతర్కంగా వాదించి గెలిచారు.' రెండో పేపరులో అదే. తర్వాత పేపరు పిల్లవాడు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టే రాశాడు: 'మా ఆయనతో కుతర్కంగా వాదించి ఈ రోజు నేను గెలిచాను.' పక్కన కూర్చున్న ఆవిడ, వాళ్ళాయన్ని కూడా కరెంటుకే తీసుకొచ్చింది, నా పేపర్లలోకి తొంగి చూసి, "మంచి మార్కులు ఏత్తన్నారా మేడమ్?" అని అడిగింది. వేస్తున్నానన్నాను. వాక్యంలో తప్పేమీ లేదు. మాట సరైన చోట పడింది. ఇరవై ఏడు మంది దాన్నే రాశారు, ఇరవై ఏడు మందికీ పూర్తి మార్కులు వేశాను.

ఇంటికి వచ్చాక ఆయన మాట్లాడాలంటే రాయాలి. బడిలో మిగిలిన రూళ్ళ పుస్తకాలు తెచ్చి, పెన్సిలుకి దారం కట్టి ఇచ్చాను. వాదించడానికి మనిషికి వేగం కావాలని నాకు అప్పుడు తెలిసింది. ఒకరోజు గోపాలపట్నం జంక్షన్‌లో ఆటో అతను మా వీధి వైపు రానన్నాడు. ఈయన కళ్ళల్లో పాత వెలుగు వచ్చింది. పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. 'నువ్వు ఖాళీగా నిల్చున్నా...' అంతవరకు వచ్చేసరికి ఆటో వెళ్ళిపోయింది. ఆయన తల ఎత్తి చూసి, ఆ సగం వాక్యాన్ని కొట్టేశారు. కొట్టేయాల్సిన అవసరం లేదు. అయినా శ్రద్ధగా, రెండు గీతలతో కొట్టేశారు. ఆ తర్వాత పుస్తకంలో ఉండేవి ఒక్కో మాటే. నీళ్ళు. ఫ్యాను. దిండు. నొప్పి. ఒత్తులు, దీర్ఘాలు తప్పులు పోయేవి. నేను దిద్దలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం బాగా వాన పడుతోంది. కరెంటు పోయింది. బాల్కనీ తలుపు దగ్గర ఇద్దరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆయన మెడకి కట్టిన పల్చటి గుడ్డ ఊపిరికి లేచి పడుతోంది. ఎన్ని నెలలుగానో నా నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆ రోజు బయటకి వచ్చేసింది.

"ఆ రోజు మీరు ఎల్దామన్నారు. నానే ఆపేశాను."

ఏ రోజని ఆయన అడగలేదు. పుస్తకం అందుకున్నారు. ఆపరేషన్ అయ్యాక అంతసేపు రాయడం నేను చూడలేదు. పెన్సిలు ముక్కు అరిగిపోతే బ్లేడుతో చెక్కి ఇచ్చాను. మళ్ళీ రాశారు. ఒక పేజీ నిండింది. నా ఒళ్ళో పెట్టారు.

'నువ్వు చెప్పింది తప్పు. ఎందుకంటే చెప్తాను విను. పెళ్ళయి ఇన్నేళ్ళు అయింది. నీ మాట విని నేను ఆగిన పని ఒకటి చెప్పు. లేదు. సిగరెట్టు ఆగలేదు. హెల్మెట్టు పెట్టలేదు. అంటే నీ మాటకి నేను ఆగే మనిషిని కాదు. మరి ఆ రోజు ఎందుకు ఆగాను? ఆగాలని నాకు ముందే ఉంది కాబట్టి. భయం వేసింది. నీ చేత వద్దు అనిపించుకుందామనే అడిగాను. నువ్వు పద అని ఉంటే ఇంకో వంక పెట్టేవాణ్ణి. కాబట్టి నువ్వు గెలవలేదు. నేను ఓడినట్టు నటించాను. గెలవని మనిషికి తప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?'

రెండుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ బరువు దిగుతున్నట్టే ఉంది. అంత బాగా రాశారు. ఆ తర్వాత, పద్నాలుగేళ్ళు పేపర్లు దిద్దిన అలవాటు కదా, మెలిక ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను. వద్దనిపించుకోవాలనుకున్న మనిషి పొద్దున్నే లేచి స్నానం చేయడు. ఇస్త్రీ చొక్కా వేసుకోడు. బీరువా తెరిచి మెడికల్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టడు. నువ్వు కూడా రా అనడు. ఆ చొక్కా నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది, నీలం గళ్ళది.

కానీ భయం వేసిందన్న మాట నిజమే అయి ఉండొచ్చు. భయపడ్డవాళ్ళే ముందుగా తయారై కూర్చుంటారు. పద అని ఉంటే ఆయన వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగేవారేమో. నాకు తెలియదు. నిజమూ మెలికా ఒకేలా కనిపించాయి.

"నిజవేనా ఇది?" అని అడిగాను.

ఆయన పుస్తకం తీసుకుని పేజీ తిప్పారు. 'టీ పెట్టు. అల్లం వెయ్యి' అని రాశారు.

వెళ్ళి పెట్టాను. ఆపరేషన్ తర్వాత ఆయనకి వాసన తెలియదు, అల్లం వేసినా వేయకపోయినా ఒకటే. అయినా దంచి వేశాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చల్లారేదాకా పట్టుకునే కూర్చున్నారు.

జనవరిలో మెడ పక్కన గడ్డ కనిపించింది. మళ్ళీ ఆపరేషన్‌కి లాభం లేదన్నారు. ఆ ఐదు నెలల సంగతి నేను ఎక్కువ రాయలేను. మా అమ్మ ఆనందపురం నుంచి వచ్చి మాతోనే ఉంది. ఆయన గదిలో కూర్చుని, ఎవరూ అడగకుండానే ఊరి కబుర్లు చెప్పేది. ఎవరింట్లో ఆవు ఈనింది, బీరకాయలకి ఈసారి ఏం తెగులు వచ్చింది. ఒకసారి మధ్యలో ఆగి, "ఏటి బాబూ, ఒక్క మాటైనా నాకు ఎదురు సెప్పరేటి" అని, అన్నాక తనే నోరు మూసుకుని బయటికి వచ్చేసింది. ఆయన జూన్‌లో పోయారు. పొద్దున్న తొమ్మిదింటికి, అమ్మ పాలు కాస్తుండగా.

బడికి తిరిగి వెళ్ళాను గానీ ఎక్కువ రోజులు ఉండలేకపోయాను. ఆ పిల్లలు పది దాటి వెళ్ళిపోయారు. కొత్త పిల్లలకి ఏమీ తెలియదు. అయినా సొంతవాక్యాల పీరియడ్ వస్తే నాకు బోర్డు వైపు తిరగబుద్ధి అయ్యేది కాదు. మానేశాను. కొన్నాళ్ళకి, పాత సహోద్యోగి ఒకామె మధురవాడలో ఒక ఆఫీసు గురించి చెప్పింది. తెలుగు మాటలకి వాడుక వాక్యాలు రాసిపెట్టాలి. ఒక్కో మాటకి ఐదు. ఫోన్లలో, కంప్యూటర్లలో వాడుకునే నిఘంటువు కోసమట. అక్షర క్రమంలో జాబితా వస్తుంది. నాలాంటి వాళ్ళు ఆరుగురం. మేము రాసినవి చూసి సరే అనేది పాతికేళ్ళ అమ్మాయి. మర్యాదగా ఉంటుంది, నన్ను మేడమ్ అంటుంది.

అకారం నుంచి ప్రారంభించి కకారానికి వచ్చాం. ఒక రోజు జాబితాలో ఆ మాట వస్తుందని నాకు తెలుసు. వచ్చిన రోజు నాలుగు వాక్యాలు ఇబ్బంది లేకుండానే రాశాను. ఇంటి యజమాని, వకీలు, రాజకీయ నాయకుడు, పరీక్ష తప్పిన కొడుకు. ఐదోది ఏం రాయాలో తోచక కూర్చుని, చివరికి ఇలా రాశాను: 'తన తప్పేమీ లేదని భార్యను నమ్మించడానికి ఆయన ఒక పేజీ నిండా కుతర్కంగా రాశాడు.'

భోజనాల ముందు ఆ అమ్మాయి నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నాలుగూ ఓకే. ఐదోది కొంచెం డౌటు. ఆయన భార్యని ఓదారుస్తున్నాడు కదా. కుతర్కం అంటే నెగటివ్. ఇక్కడ సెట్ అవ్వట్లేదు."

"ఓదార్చడానికైనా మెలికపెట్టి చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"చెప్పొచ్చు. కానీ ఆయన రాసింది తప్పని ఈ వాక్యంలో ఎక్కడుంది? నిజంగానే ఆవిడ తప్పు లేదేమో. అప్పుడది కుతర్కం కాదు, మామూలు తర్కమే. సదివేవాళ్ళకి ఎలా తెలుస్తాది?" చివర్లో తొందరలో తన ఊరి మాట వచ్చేసింది, నవ్వింది.

నేను స్క్రీన్ వైపు చూశాను. ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. నేను నా పిల్లల్ని అడిగేదీ అదే, మాట అర్థం వాక్యంలోనే తేలాలి అని.

"తెలీదమ్మా" అన్నాను.

"అయితే మార్చేద్దామా మేడమ్?"

మార్చాను. పాత కాయల్ని కొత్తవని చెప్పి అమ్మే దుకాణదారు మీద ఒక వాక్యం రాశాను. ఆ అమ్మాయి తన కుర్చీలో కూర్చున్నాక పచ్చటి టిక్కు వచ్చింది. మిగతావాళ్ళు క్యారేజీలు తీసుకుని లేచారు, నన్ను కూడా పిలిచారు. తర్వాత వస్తానన్నాను. జాబితాలో ఆ కిందిది 'కుతూహలంగా'. దానికి ఐదు వాక్యాలు రాయడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.